బోర్లా పడుకున్న వీరుడు

మా రాజ్యం అత్తయ్య డబ్లిన్‌లో ఒక మ్యూజియం అద్దాల పెట్టె ముందు చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడిన క్షణం నుంచి మా ఇంటి దేవుడెవరో నాకు తెలియకుండా పోయింది. అంతకు ముందు తెలుసా అంటే అదీ అనుమానమే. అసలు నా చిన్నతనం గురించి నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసినా, మిగిలేది జరిగినదానికంటే ఎక్కువే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆవిడ డాక్టరు. ములింగార్ ఆస్పత్రిలో రోజూ రోగుల మాటల్లోంచి నిజాన్ని వడగట్టే పనిలో ఉంటుంది కనుక ఆ లెక్క నమ్మొచ్చు. ఇక్కడ మాత్రం నేనే గందరగోళంలో ఉన్నాను కాబట్టి, పెంచి చెప్పడానికి కూడా ఏది అసలో తెలియని పరిస్థితి.

రాజ్యం అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. మూడు నెలలు ఉండి పోదామని నరసరావుపేట నుంచి మా ఇంటికొచ్చింది. ఆవిడ తెచ్చిన సూట్‌కేసులో బట్టలు రెండు జతలు, తక్కినదంతా ఊరగాయ. విమానాశ్రయంలో వాసన చూసే కుక్క ఒకటి ఆ సూట్‌కేసు దగ్గరికొచ్చి, ఒక్క తుమ్ము తుమ్మి, అక్కడికక్కడే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది. మేముండే క్లోనీ అనే ఊళ్లో కొత్తవాళ్లకు చూపించదగ్గవి రెండే రెండు. ఒకటి వాన. రెండోది, ప్రపంచంలోని ఫోటోలన్నీ దాచిపెడతారని చెప్పుకునే కిటికీల్లేని పెద్ద డేటా సెంటరు గోదాం. ఆ రెండూ వారంలో అయిపోయాయి. "ఇంకేందిరా మీ ఊళ్లో?" అనడిగితే ఆవిణ్ణీ, మా అమ్మాయి స్నిగ్ధనీ వెంటబెట్టుకుని డబ్లిన్ బస్సెక్కాను. దిగేసరికి వాన మాకంటే ముందే అక్కడికి చేరుకుని ఉంది. తలదాచుకోవడానికి ఎదురుగా కనిపించిన మ్యూజియంలో దూరాం. లోపల పాత నాణేల ప్రదర్శన.

"ఇంత దూరం వచ్చి తుప్పుపట్టిన డబ్బులు చూడాలా?" అని అత్తయ్య గొణుగుతూనే నడిచింది. ఒక అద్దాల పెట్టె దగ్గర గొణుగుడు ఆగింది. ఆవిడ నోరు ఆగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు కనుక కంగారుపడి వెనక్కి తిరిగాను. పెట్టెలో ఒకే రకం నల్లటి రాగి నాణేలు రెండు, రెండువైపులా కనపడేలా పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద ఆకుల దండ చుట్టుకున్న పెద్ద తలకాయ. రెండోదాని మీద ఒక పడుచువాడు, భుజాన ఎగిరే ఉత్తరీయం, చేతిలో పగ్గం, పగ్గం చివర ఏదో జంతువు. అప్పటికే అత్తయ్య చెప్పులు పక్కకు పోయాయి. చేతులు జోడించేసింది.

"ఒరే అబ్బాయ్, మన వీరయ్యేందిరా ఇక్కడున్నాడు?"

"అత్తయ్యా, ముందు చెప్పులు తొడుక్కో. నేల చల్లగా ఉంది."

"చెప్పులు తర్వాత. చూడరా! పక్కన నావాడు కూడా ఉన్నాడు!"

స్నిగ్ధ నా చెయ్యి పట్టుకు లాగింది. దానికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది. "డాడ్, ఈజ్ మామ్మ గ్రాండ్? హూ ఈజ్ వీరయ్య, లైక్?" గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉందా అని.

హూ ఈజ్ వీరయ్య. అది చెప్పాలంటే మా ఇంటి వంటగదిలోకి వెళ్లాలి.

ఆ వంటగది, నా లెక్కలో, పల్నాడులో సగం ఉండేది. పొగ మాత్రం తక్కిన సగం దాకా పోయేది. తెల్లారేసరికి నానమ్మ పొయ్యి రాజేసేది, తాత అరుగు మీద గావంచాతో కూర్చుని సానమీద గంధం తీసేవాడు. తాతకు చూపు బాగా తగ్గిపోయినా గంధం చిక్కదనం వేలికొసతో పసిగట్టేవాడు. ఆ గంధం వాసన, గోంగూర ఉడుకుతున్న పులుపు వాసన, పెరట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు మూడూ కలిసి గుమ్మంలో ఒకదాన్నొకటి తోసుకునేవి. మిరప కల్లాల రోజుల్లో మా వీధి వీధంతా తుమ్మేది. ఆ తుమ్ములకు స్టేషన్లో ఆగిన రైలు, గార్డు ఈల ఊదాడనుకుని కదిలిపోయేదని పెద్దనాన్న ప్రమాణం చేసి చెప్పేవాడు. పెద్దనాన్న తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన మీసం ఆయనకంటే అరగంట ముందు ఆఫీసుకు చేరుకునేంత పొడుగు. కాస్త ఎక్కువ చెప్పానేమో, పావుగంట అనుకోండి.

వంటగది తూర్పు గోడలో ఒక గూడు. గూట్లో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో తడి గంధపు ముద్ద, ఆ ముద్ద మీద వీరయ్య. మా తాతకు ముత్తాత పొలంలో బావి తవ్విస్తుంటే దొరికిన రాగి బిళ్ళ అది. నా చిన్నప్పటి కళ్లకు అరిసెంత ఉండేది. నిజానికి చొక్కా గుండీకంటే కాస్త పెద్దదంతే. దాని మీద తలకాయ ఉంది కనుక, తలకు ఆకుల దండ ఉంది కనుక, మా ప్రాంతంలో వీరులకు గుళ్లు కట్టి మొక్కడం మామూలే కనుక, అది మన వంశంలో పూర్వం ఎవరో వీరుడిదే అయి ఉంటుందని ఆ పెద్దాయన తేల్చేశాడు. అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం నానమ్మ ఆ తలకాయను చింతపండుతో రుద్ది రుద్ది తోమేది. వెనకవైపు కూడా ఒక బొమ్మ ఉండేది కానీ దాన్ని తోమేది కాదు. ఎందుకని నేనడిగితే, "వెనకున్నోడు వీరయ్య పాలేరురా, అయ్యగారి మేకను తోలుకెళ్తన్నాడు. పాలేరుకి అభిషేకమేంది?" అంది. అది మేక కాదు కుక్క అని నాన్న, కుక్క కాదు పంది అని పెద్దనాన్న. ఈ విషయం మీద అన్నం కంచాల ముందు జరిగిన చర్చలు వింటే అసెంబ్లీ సిగ్గుపడేది. ఏదైనా కానీ, పాలేరు మాత్రం పాలేరే. ఏళ్ల తరబడి గంధపు బురదలో మొహం పెట్టి, పైన అయ్యగారిని మోస్తూ బోర్లా పడి ఉండేవాడు.

దీన్ని భరించలేనిది ఇంట్లో ఒక్కరే. రాజ్యం అత్తయ్య. అప్పటికింకా పెళ్లి కాలేదు. రెండు జడలు, రెండు జడలకూ సరిపడా పొగరు. గూట్లో దీపం పెట్టే పని ఆవిడది. ఆ పని ఇంట్లో చిన్న ఉద్యోగం కాదు. దీపం పెట్టే మనిషి చెయ్యి శుభ్రం అని ఇల్లంతా ఒప్పుకున్నట్టు లెక్క. ఒకరోజు సాయంత్రం నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, నా ఎదురుగానే వీరయ్యను గంధంలోంచి తీసి, వెనక్కి తిప్పి పెట్టేసింది. గంధం తుడుచుకుని పైకి చూస్తున్న ఆ పడుచువాడి మొహం నాకిప్పటికీ జ్ఞాపకం. కన్నూ ముక్కూ చెక్కినట్టున్నాయి, నవ్వుతున్నాడని కూడా అనిపించింది.

"పాపం, ఊపిరాడద్దట్రా వాడికి?" అంది అత్తయ్య. "కాసేపు గాలి పోసుకోనీ. పొద్దున్నే మళ్లీ తిప్పేస్తాలే."

పొద్దున్నే తిప్పేది. సాయంత్రం మళ్లీ బోర్లించేది. ఇది ఎన్నాళ్లు సాగిందో నాకు తెలీదు. నాకందిన బెల్లాన్నిబట్టి చూస్తే ఒక యుగం. చివరికొక శుక్రవారం తిప్పడం మరిచిపోయింది. తాత వేలితో కుంకుమ తీసుకుని, అలవాటు ప్రకారం వీరయ్య నుదురు తడిమాడు. నుదురుండాల్సిన చోట మేక తోక తగిలింది. తాత పెట్టిన కేకకు పక్కింటి బర్రె కట్టుతాడు తెంపుకుంది.

ఆ వారమే మా బర్రె చెంబు తన్నింది. ఆ వారమే కల్లంలో మిరపకాయల మీద వాన పడింది. ఆ వారమే పెద్దనాన్న డిపార్టుమెంటు పరీక్ష తప్పాడని తెలిసింది. ఆయన ఆ పరీక్ష అంతకు ముందూ తప్పాడు, అప్పుడు వీరయ్య సవ్యంగానే ఉన్నాడు. కానీ ఆ సంగతి ఎత్తే ధైర్యం మీసం ముందు ఎవరికుంటుంది? "అదుగో, అదీ కారణం. దేవుణ్ణి బోర్లిస్తే నా బతుకు బోర్లాపడకేం చేస్తది?" అని గూడు వైపు వేలు చూపించాడు. నానమ్మ అత్తయ్య చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని మా అమ్మ చేతికిచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. అగ్గిపెట్టె తీసుకుంది, అంతే. అత్తయ్య మళ్లీ ఆ గూట్లో దీపం పెట్టలేదు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు 'బోర్లించే పిల్ల'. పెళ్లిలో మగపెళ్లివారితో పెద్దనాన్నే చెప్పి నవ్వించాడు. మామయ్య స్కూటరు కాలవలో పడ్డా, పాలు విరిగినా, ఎన్నికల్లో మా ఊరి వర్గం ఓడిపోయినా, "ఇంకేం, బోర్లించే పిల్ల వచ్చి వెళ్లిందిగా" అనేవాళ్లు. సరదాకే. సరదాగా అన్న ప్రతిసారీ ఆవిడ కూడా నవ్వేది. తర్వాత లేచి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమేది.

ఇదంతా స్నిగ్ధకు మూడు ముక్కల్లో చెప్పాను. అది విని, "దట్స్ నాట్ ఫెయిర్" అని, నా కంటే ముందు వెళ్లి మ్యూజియం మనిషిని పట్టుకొచ్చింది. ఆవిడ పేరు ఓర్లా. నెరిసిన జుట్టు, మెడలో కళ్లజోడు తాడు, ప్రశ్న కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న మొహం. మా ఇంట్లో ఇలాంటి బిళ్ళ ఉందంటే నమ్మలేదు. వెంటనే ఫోన్ చేసి ఫోటో అడుగుతావా అంది. అత్తయ్య చెయ్యి అడ్డంపెట్టి, "ముందు ఎవరో చెప్పమను" అంది.

ఓర్లా చెప్పింది, నేను తెలుగులోకి దించాను. పూర్వం గ్రీకుల ఊళ్లన్నీ రోము ఏలుబడి కిందికి పోయాయి. అయినా చిల్లర నాణేలు ఆ ఊళ్లే కొట్టుకునేవి. ఒకవైపు రోము చక్రవర్తి తల. అది తప్పదు, ఏలినవాడు కదా. రెండోవైపు మాత్రం ఊరివాళ్ల ఇష్టం. మా ఊరికీ ఒక వీరుడున్నాడు, మీరు రాకముందే మాకు కథలున్నాయి అని చెప్పుకోవడానికి, తమ పురాణాల్లోని ఊరి వీరుణ్ణి వేసుకునేవాళ్లు.

"అంటే పెద్ద తలకాయ..." అత్తయ్య నెమ్మదిగా అడిగింది.

"చక్రవర్తి" అన్నాను.

"పాలేరు?"

"వాడే వీరుడట అత్తయ్యా."

అత్తయ్య అద్దం మీద చెయ్యి పెట్టింది. పెట్టకూడదని రాసి ఉంది, ఓర్లా చూసి కూడా ఊరుకుంది. "పేరేందంట వాడిది?"

నేనడిగాను. ఓర్లా భుజాలు ఎగరేసింది. ఆ పేరు తెలియదట. కొన్ని ఊళ్ల వీరుల కథలు మిగిలాయి, ఈ ఊరివాడి బొమ్మే మిగిలింది. నాణెం మీద ఊరి పేరు వేశారు గానీ వాడి పేరు వెయ్యలేదు. ఎందుకు వేస్తారు, చూడగానే ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది కదా, పైవాళ్లకు తెలియకపోతే వాళ్లకేం నష్టం అనుకుని ఉంటారంది. ఆ జంతువు కుక్క అని కొందరు పండితులు, అడవిపంది అని కొందరు. ఈ విషయం మీద వాళ్లు ఉత్తరాల్లో ఒకరినొకరు పలకరించుకోవడం కూడా మానేశారట.

"మేకరా అది" అంది అత్తయ్య, సందేహం లేకుండా. "తోక చూసి చెప్పొచ్చు. చెప్పు ఆమెకి."

చెప్పాను. ఓర్లా వంగి తోక చాలాసేపు చూసింది. "మేక కాకూడదని ఏం లేదు" అంది చివరికి. మరి ఆ బిళ్ళ గ్రీకు ఊరి నుంచి మా పొలంలో బావిలోకి ఎట్లా వచ్చిందని అడిగితే, రోము ఓడలు మీ తీరానికి వచ్చేవి కానీ ఇలాంటి రాగి చిల్లర అంత దూరం రావడం అరుదు, తనకూ అర్థం కావడం లేదంది. హాయిగా అనిపించింది. అర్థం కానివాళ్లలో నేనొక్కణ్ణే కాదు.

బస్సులో తిరిగి వస్తూ అత్తయ్య ఒక్క మాటే అంది: "అన్నయ్యకి చెప్పాలి." అందులో ఏముందో నాకు తెలుసు. 'బోర్లించే పిల్ల' అన్నవాళ్లంతా పోయారు. నానమ్మ, తాత, మా నాన్న, అమ్మ, మామయ్య ఎవరూ లేరు. ఆ పేరు పెట్టినవాడు, ఇంకా ఆ పేరుతో పిలిచేవాడు పెద్దనాన్న ఒక్కడే. నరసరావుపేట ఇంట్లో గూడూ పళ్లెమూ ఇప్పుడు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆయన నోటితో ఒక్కసారి 'నువ్వు చేసింది తప్పు కాదు' అంటే చాలు. ఆయన అనకుండానే వెళ్లిపోతే, ఆ పేరు ఇక తీసేసే మనిషి ఉండడు.

ఇల్లు చేరగానే స్నిగ్ధ వీడియో కలిపింది. పెద్దనాన్నకు వీడియో అంటే ఫోన్ చెవికి పెట్టుకోవడమే. కనుక మాకు చాలాసేపు ఆయన చెవి ఒక్కటే కనపడింది. ఆ తర్వాత ఫ్యాను. చివరికి, తెల్లబడ్డా తగ్గని మీసం.

"అన్నయ్యా, వీరయ్య ఎవరో తెలిసింది."

"ఏ వీరయ్య? పాలవాడా? పేట మారిపోయాడుగా."

"పాలవాడు కాదయ్యా! గూట్లో వీరయ్య. ఆ తలకాయ మనోడిది కాదంట. ఎవరో దేశాన్నేలే చక్రవర్తిదంట. వెనకున్నాడే, వాడు వీరుడంట! నేను తిప్పిపెట్టానే, వాడు!"

మీసం ఫోన్‌కు దగ్గరగా వచ్చింది. "ఎవరన్నారు?"

"డబ్లిన్లో పెద్ద మ్యూజియంలో రాసుంది. మనోడూ చదివాడు."

"డబ్లినోళ్లకేం తెలుసే మనింటి దేవుడి సంగతి? వాళ్లొచ్చి తోమారా? అయిదు తరాలు దీపం పెట్టాం ఆ మొహానికి. మొదట ఎవరిదైతే నాకేంది, ఇప్పుడది వీరయ్య మొహం. కాదంటే నా పరీక్ష ఎట్టా పోయింది?"

ఫోన్ పెట్టేశాడు. నా తిప్పలు ఇక్కడే మొదలయ్యాయి. ఓర్లా చెప్పింది విన్నప్పుడు అత్తయ్యదే న్యాయం అనిపించింది. పెద్దనాన్న చెప్పింది విన్నాక, అయిదు తరాల చింతపండు తిన్న మొహం ఏ చక్రవర్తిదైనా మా వీరయ్యది కాకుండా ఎట్లా పోతుందనిపించింది. అత్తయ్య లేచింది. వంటగదిలోకి వెళ్లి, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే గోడ అలమారలోంచి కడిగి ఆరబెట్టిన గిన్నెలన్నీ దించి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. స్నిగ్ధ దగ్గరికెళ్లి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. ఒకరు తోముతుంటే ఒకరు తుడిచారు.

నేను సోఫాలో కూర్చుని జేబులో చిల్లర తీసి చూసుకున్నాను. ఇక్కడి యూరో బిళ్ళకు ఒకవైపు వీళ్ల హార్ప్ అనే వీణ, రెండోవైపు యూరప్ మొత్తానికి ఒకటే బొమ్మ. ఇన్నేళ్లుగా వీటితో పాలు, రొట్టె కొంటున్నాను, వీటిలో ఏది ముందువైపో ఏది వెనకవైపో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక్కడ ఆఫీసులో నేను ఒకవైపు, ఇంట్లో గోంగూర పచ్చడి ముందు మరోవైపు. ఏ వైపు నేనో, ఏ వైపు నన్ను ఏలుతున్నవాడో అడిగితే చెప్పలేను. ఆ రోజుల్లో మా వంటగదిలో అన్నీ ఎవరి చోట వాళ్లుండేవి అనుకుని ఇన్నాళ్లూ బెంగపడ్డాను: తాత గంధం దగ్గర, నానమ్మ పొయ్యి దగ్గర, దేవుడు పైన, పాలేరు కింద. ఇప్పుడు చూస్తే అక్కడే అంతా తలకిందులుగా ఉంది. ఆ ఇల్లంతటిలో అది పట్టించుకున్నది రెండు జడల పిల్ల ఒక్కతే. ఆ పిల్లకూ చరిత్ర తెలీదు, గ్రీకులు తెలీదు. బోర్లా పడి ఉన్నవాడికి ఊపిరాడదని మాత్రం తెలుసు. నాకు అన్ని సౌకర్యాలూ ఉన్నాయి, ఇంటికి కూతవేటు దూరంలో ప్రపంచం ఫోటోలన్నీ ఉన్నాయి, అంత చిన్న విషయం మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అత్తయ్య ఫోన్ మోగింది. పెద్దనాన్న పంపిన ఫోటో. జీవితంలో ఆయన పంపిన మొట్టమొదటి ఫోటో, అందుకే సగం బొటనవేలే. తక్కిన సగంలో గూడు, ఇత్తడి పళ్లెం, గంధం. గంధం మీద, ఉత్తరీయం ఎగరేసుకుంటూ, పగ్గం పట్టుకుని పడుచువాడు. కన్నూ, ముక్కూ, జంతువు తోకా, చుట్టూ అర్థంకాని అక్షరాలూ నిన్ననే అచ్చు కొట్టినట్టున్నాయి. చింతపండు తగలనిది వాడికొక్కడికే కదా. వెనకాలే మాట కూడా పంపాడు. స్నిగ్ధ స్పీకర్ పెట్టింది.

"రాజ్యం... తిప్పాను. నీ పాలేరు కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడే. ఆ పెద్ద తలకాయ తోమీ తోమీ అప్పడంలా అయిపోయింది, ముక్కూ లేదు మొహమూ లేదు. ఇన్నాళ్లూ దేనికి బొట్టు పెట్టానో నాకే తెలీదు." కాసేపు దగ్గు. "ఇంకోటి. ఆ పరీక్షకి నేను చదవలేదు. పుస్తకం తెరిచిన పాపాన పోలా. సరే, కాఫీ తాగావా?"

అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసి తుడుచుకుంది. "మామ్మా, యూ వర్ రైట్!" అని స్నిగ్ధ మెడ చుట్టూ చేతులేసింది. అత్తయ్య దాని బుగ్గ నిమురుతూ ఫోటో వైపే చూస్తోంది. ఆ మొహంలో సంతోషం పైకి వచ్చింది, వచ్చి ఎక్కడో ఆగింది.

"ఒరే అబ్బాయ్."

"ఏంటత్తయ్యా?"

"మరి ఆ పెద్దాయన ఇప్పుడు గంధంలో బోర్లా పడున్నాడు కదరా. అసలే ముసలాడు, ముక్కు కూడా లేదంటన్నాడు. ఊపిరాడద్దూ?"

నేను నోరు తెరిచేలోపే అన్నకు ఫోన్ కలిపేసింది. ఈసారి చెవీ లేదు, ఫ్యానూ లేదు, సరాసరి మీసమే వచ్చింది.

"అన్నయ్యా, ఒక మాట చెప్తా, కోప్పడకు. ఒక వారం వాడు, ఒక వారం వీడు. మార్చి మార్చి పెట్టు."

మీసం కదిలింది. దాని కిందనుంచి నవ్వు బయటికొచ్చింది.

"ఓసి నీ దుంపతెగ! బోర్లించే పిల్లవి బోర్లించే పిల్లవేనే!"

"అవును, నేనే" అంది అత్తయ్య. "శుక్రవారం మర్చిపోకు."